చెట్టుకు కట్టిన పేరు

జంషెడ్‌పూర్ నగరం నడుమ, సాక్చి బజారుకు చేరువలో, రెండు వందల ఎకరాలకు మించిన ఉద్యానవనం ఒకటి ఉన్నది. దానిని జూబిలీ పార్కు అంటారు. టాటా ఉక్కు సంస్థ స్థాపితమై యాభై సంవత్సరాలు నిండిన సందర్భంలో నగరవాసులకు కానుకగా నిర్మించారు గనుక ఆ పేరు వచ్చింది. పనులు 1955లో మొదలయ్యాయి. 1958 మార్చి 1వ తేదీన ప్రధానమంత్రి జవహర్‌లాల్ నెహ్రూ దానిని ప్రారంభించారు. మైసూరు సమీపంలోని బృందావన ఉద్యానం దీనికి ఒరవడి. బారులు తీరిన ఫౌంటెన్లు, పచ్చిక బయళ్ళు, గులాబీ తోట, సంస్థాపకుడు జంషెట్‌జీ టాటా విగ్రహం, ఆ పక్కనే జయంతి సరోవరం, 1994లో వెలసిన జంతు ప్రదర్శనశాల - ఒక సాయంకాలానికి చాలినన్ని వినోదాలు అక్కడ ఉన్నాయి.

వచ్చేవారిలో అధిక సంఖ్యాకులు సాయంకాలమే వస్తారు. పచ్చికపై కూర్చుంటారు, పిల్లలను ఆడిస్తారు, నీటి తుంపరల ముందు నిలబడి ఫొటోలు తీయించుకుంటారు, చీకటి పడగానే ఇళ్ళకు తిరిగిపోతారు. ఏ చెట్టు నీడలో కూర్చున్నారని ఇంటికి పోయాక అడిగితే పదిమందిలో ఒక్కరు చెప్పగలిగితే గొప్ప. ఇందులో నేరమేమీ లేదు. పార్కు ఉన్నదే విశ్రాంతి కోసం. కాని, ఈ నగరంలో చెట్టుకు ఉన్న చరిత్ర తెలిసినవారికి మాత్రం ఆ అజ్ఞానం కొంచెం బాధ కలిగిస్తుంది.

1902లో, అంటే ఈ చోటు ఉక్కు నగరానికి తగినదని ఎవరూ గుర్తించక ముందే, జంషెట్‌జీ తన కుమారుడు దొరాబ్జీకి విదేశం నుంచి ఒక లేఖ రాశారు. రాబోయే కార్మిక నగరం ఎట్లా ఉండాలో అందులో వివరించారు. వీథులు విశాలంగా ఉండాలి, వాటి వెంట నీడనిచ్చే చెట్లు నాటాలి, తోటలకూ పచ్చికకూ ఆటస్థలాలకూ ధారాళంగా చోటు విడవాలి, హిందువులకూ ముస్లిములకూ క్రైస్తవులకూ ప్రార్థనా మందిరాలకు స్థలాలు కేటాయించాలి అని అందులోని సారాంశం. ఈ లేఖను ఉపన్యాసాలలో తరచు ఉదాహరిస్తారు. అయితే అందులోని ఒక చిన్న సూచన మీద ఎవరి దృష్టీ నిలువదు. నాటే చెట్లలో ఒకటి విడిచి ఒకటి త్వరగా ఎదిగే జాతిదై ఉండాలని ఆయన చెప్పారు.

ఇది కవి మాట కాదు, తోటమాలి మాట. త్వరగా ఎదిగే చెట్టు నాలుగైదేళ్ళలో నీడ పడుతుంది, కాని దాని కలప మెత్తన, ఆయువు తక్కువ. నెమ్మదిగా ఎదిగే చెట్టు నీడకు ఒక తరం పడుతుంది, కాని అది పలు తరాలు నిలుస్తుంది. రెండింటినీ పక్కపక్కన నాటితే నేటి బాటసారికీ నీడ దొరుకుతుంది, మనుమడికీ దొరుకుతుంది. ఈ లెక్క వేసిన మనిషి 1904లో కన్నుమూశారు. సాక్చి గ్రామం దగ్గర స్థలం నిశ్చయమైనది ఆ తరువాతనే. తొలి ఉక్కు 1912లో తయారయింది. ఆ ఊరికి ఆయన పేరు పెట్టినది 1919లో.

జూబిలీ పార్కు రూపకల్పనకు సంబంధించి చెప్పుకునే పేర్లలో గుస్టావ్ హెర్మన్ క్రుంబీగల్ ఒకటి, బి.ఎస్. నిరోడి మరొకటి. క్రుంబీగల్ జర్మనీ దేశీయుడు. లండన్ సమీపంలోని క్యూ ఉద్యానంలో పనిచేసి, బరోడా సంస్థానానికి వచ్చి, అక్కడి నుంచి 1908లో మైసూరు సంస్థానానికి మారి, బెంగుళూరు లాల్‌బాగ్‌కు దీర్ఘకాలం అధిపతిగా ఉన్నాడు. ఏడాదిలో ఏ నెల వచ్చినా ఊరిలో ఏదో ఒక వీథి పూసి ఉండేట్లు చెట్లను ఎంపిక చేయడం అతని పద్ధతి. బెంగుళూరుకు ఉద్యాననగరమనే ఖ్యాతి రావడంలో ఆ పద్ధతికి పెద్ద పాలు ఉన్నది. బృందావన ఉద్యానం కూడా అతని చేతి చలవే. అతడు 1956లో బెంగుళూరులో మరణించాడు. జంషెడ్‌పూర్ పార్కు తలుపులు తెరిచిన రోజును అతడూ చూడలేదు.

క్రుంబీగల్ వంటివారు పెరిగినది వృక్షశాస్త్రోద్యానాలలో. వారు నిర్మించినవి మాత్రం అన్నీ అట్టివి కావు. ఈ రెండింటికీ భేదం ఏమిటో సందర్శకుడు తెలుసుకోవడం మంచిది. పార్కులో మొక్క అందం కోసం ఉంటుంది. వృక్షశాస్త్రోద్యానంలో మొక్క ఒక దాఖలా. అది ఎక్కడ నుంచి వచ్చినది, ఎవరు తెచ్చినది, ఎప్పుడు నాటినది అనే వివరాలు చిట్టాలో రాసి ఉంచుతారు. కొమ్మనూ పువ్వునూ ఎండబెట్టి, కాగితానికి అంటించి, బీరువాలలో భద్రపరుస్తారు. ఇతర ఉద్యానాలతో విత్తనాల ఇచ్చిపుచ్చుకోలు సాగుతుంది. ఇదంతా సందర్శకుని కంటికి కనబడదు. ఆ వ్యవహారం మొత్తంలో అతనికి కనబడేది ఒక్కటే - చెట్టు మొదట కట్టిన చిన్న పేరు పలక.

జంషెడ్‌పూర్ వాసులకు అట్టి ఉద్యానం ఎంతో దూరంలో లేదు. టాటానగర్ స్టేషనులో రైలెక్కితే దాదాపు రెండు వందల యాభై కిలోమీటర్లు పోయాక హౌరా వస్తుంది. హుగ్లీ నది పడమటి గట్టున, శిబ్‌పూర్‌లో, దేశంలోకెల్లా ప్రసిద్ధమైన వృక్షశాస్త్రోద్యానం ఉన్నది. 1787లో కర్నల్ రాబర్ట్ కిడ్ అనే ఈస్టిండియా కంపెనీ అధికారి దానికి పునాది వేశాడు. 1770 నాటి వంగదేశపు క్షామం ఇంకా జనుల జ్ఞాపకంలో ఉన్న కాలమది. కరువు వచ్చినా కడుపు నింపగల సగ్గుబియ్యపు చెట్లవంటి వాటిని పెంచి ప్రజలకు పంచాలన్నది కిడ్ చూపిన కారణాలలో ఒకటి. కంపెనీవారికి అంతకంటె నచ్చిన కారణాలు వేరే ఉన్నాయి: ఓడలకు టేకు, వర్తకానికి సుగంధద్రవ్యాలు. టేకు అక్కడ సరిగా పెరగలేదు. తోట మాత్రం నిలిచింది. 2009లో దానికి ఆచార్య జగదీశ్ చంద్ర బోస్ పేరు పెట్టారు.

అక్కడికి వెళ్ళేవారందరూ మొదట చూచేది మహావటవృక్షాన్ని. రెండు వందల యాభై ఏళ్ళకు పైబడిన ఆ మర్రికి నేడు మూలకాండం లేదు. 1864లోనూ 1867లోనూ వచ్చిన పెనుగాలుల దెబ్బలకు కాండం గాయపడి, శిలీంధ్రం సోకి, క్రమంగా కుళ్ళిపోగా 1925లో దానిని కోసివేయవలసి వచ్చింది. అప్పటి నుంచీ చెట్టు తన ఊడల మీదనే నిలిచి ఉన్నది. మూడు వేలకు మించిన ఊడలు, నాలుగు వందల యాభై మీటర్లకు పైబడిన చుట్టుకొలత. దూరం నుంచి చూస్తే అది చెట్టా అడవా అనిపిస్తుంది. 2020 మే నెలలో అంఫాన్ తుఫాను తోటలోని ఎన్నో చెట్లను నేలకూల్చింది. ఈ మర్రి కూడా దెబ్బతిన్నది, కాని పడలేదు.

మర్రిని చూచి వెనుదిరిగేవారే ఎక్కువ. తెలుగువాడు మాత్రం మరికొంతసేపు ఉండవలసిన కారణం ఒకటున్నది. అతడు అక్కడి పలకలను ఒక్కొక్కటిగా చదువుతూ పోతే, శాస్త్రనామం చివర తరచుగా ఒక పొడి మాట తగులుతుంది: రాక్స్‌బ్. చాలామంది దానిని అచ్చుతప్పుగానో, అర్థంకాని లాటిన్ ముక్కగానో భావించి దాటిపోతారు. అది ఒక మనిషి పేరుకు సంక్షేపం. ఆ మనిషి సామర్లకోట నుంచి వచ్చినవాడు.

విలియం రాక్స్‌బర్గ్ స్కాట్లండు దేశీయుడు, వృత్తిచేత వైద్యుడు. 1776లో మద్రాసు చేరి, 1781లో కాకినాడకు సమీపంలోని సామర్లకోటలో సైనిక దళానికి వైద్యుడుగా వచ్చాడు. అక్కడ ఒక తోట వేసి, మిరియాలు, నీలిమందు, చెరకు మొదలైనవాటితో ప్రయోగాలు చేశాడు. వర్షపాతం లెక్కలు రాసుకున్నాడు. 1789 నుంచి మూడు నాలుగేళ్ళు ఉత్తర సర్కారులను పీడించిన కరువును కళ్ళారా చూశాడు. చుట్టుపక్కల పొలాలలో, అడవులలో తిరిగి, కనబడిన ప్రతి మొక్కనూ వర్ణించి, స్థానిక చిత్రకారుల చేత బొమ్మలు గీయించాడు. బొమ్మ పక్కన తెలుగు పేరు రాయడం అతని అలవాటు. పేరు చెప్పినవారు రైతులో, వైద్యులో, కట్టెలు కొట్టేవారో మనకు తెలియదు. వారి పేర్లు ఎవరూ రాసిపెట్టలేదు.

ఆ కాలపు సర్కారు జిల్లాలు ఇట్టి అన్వేషకులకు ఆటపట్టు. రాక్స్‌బర్గ్‌కు మార్గదర్శి అయిన కోనిగ్, వృక్షశాస్త్ర పితామహుడు లినేయస్‌కు స్వయంగా శిష్యుడు. అతడు 1785లో కాకినాడ జగన్నాథపురంలో ప్రాణం విడిచాడు. విశాఖపట్నంలో ఉండిన పాట్రిక్ రస్సెల్ పాములను పరిశీలించేవాడు. మనం రక్తపింజర అనే పామును ప్రపంచం రస్సెల్ పేరుతో పిలుస్తున్నది. అయితే, కట్లపాముల ప్రజాతికి ఉన్న బంగారస్ అనే శాస్త్రనామం మన బంగారు పాము నుంచి పుట్టినదే. పేర్ల లోకంలో ఇట్టి లాభనష్టాలు సామాన్యం.

కోరమాండల్ తీరపు మొక్కలను గూర్చి రాక్స్‌బర్గ్ రచించిన గ్రంథం మూడు వందల చిత్రాలతో, మూడు సంపుటాలుగా, 1795 నుంచి 1820 వరకు లండన్‌లో వెలువడింది. అప్పటికి అతడు సామర్లకోటలో లేడు. 1793లోనే కలకత్తా ఉద్యానానికి అధిపతిగా పిలుపు వచ్చింది. అక్కడ ఇరవై ఏళ్ళు ఉండి, ఆ తోటను కంపెనీ తోట అనే స్థితి నుంచి శాస్త్రస్థానంగా మార్చాడు. అతడు గీయించిన రెండున్నర వేలకు పైగా చిత్రాలు నేటికీ అక్కడ ఉన్నాయి. 1815లో ఎడింబరోలో మరణించాడు.

పలక చదవడం తెలిసినవానికి తోట వేరుగా కనబడుతుంది. పలక మీద శాస్త్రనామం రెండు మాటలుగా ఉంటుంది. మొదటి మాట ప్రజాతిని చెప్తుంది, అంటే ఇంటిపేరు వంటిది. రెండవది ఆ జాతికి ప్రత్యేకమైన పేరు. తరువాత వచ్చే పొడి మాట ఆ నామకరణం చేసినవానిది. ఆ కింద కుటుంబం, పుట్టిన దేశం ఉంటాయి. ఇంటిపేర్లలో కొన్ని గుణాన్ని చెప్పేవి, కొన్ని ఊరిని చెప్పేవి, మరికొన్ని ఎవరో దొరకు దాఖలు చేసినవి.

జార్ఖండ్ రాష్ట్రవృక్షాన్నే తీసుకొందాం. అది సాలవృక్షం. దాని శాస్త్రనామం షోరియా రొబస్టా. షోరియా అన్న ఇంటిపేరు 1793 నుంచి 1798 వరకు గవర్నర్ జనరల్‌గా ఉన్న సర్ జాన్ షోర్‌ది. జమీందారీ శిస్తుల వ్యవహారంలో తలపండిన అధికారి ఆయన. ఆ పేరు కల్పించినవాడు రాక్స్‌బర్గ్. రాష్ట్రపుష్పం మోదుగ. దాని శాస్త్రనామంలోని బ్యుటియా, ఒకప్పుడు ఇంగ్లండు ప్రధానమంత్రిగా ఉండిన బ్యూట్ ప్రభువుది. ఆయన మొక్కలంటే ప్రీతి కలవాడే. అయినా ఛోటా నాగపూర్ అడవిలో అగ్నిజ్వాలవలె పూచే ఆ చెట్టును ఆయన పేరున చూచి సంతోషించడం కష్టం. ఆ పేరు పెట్టినదీ రాక్స్‌బర్గే. కనుక బిర్సా ముండా పుట్టిన రాష్ట్రం తన గుర్తులుగా ఎంచుకున్న చెట్టూ పువ్వూ శాస్త్రలోకంలో ఇద్దరు బ్రిటిష్ ప్రభువుల పేర్లు మోస్తున్నాయి.

సంతాలులకూ ముండాలకూ హో ప్రజలకూ సాలవృక్షం సర్జోమ్. చైత్రంలో అది పూచినప్పుడు సర్హుల్ పండుగ జరుపుకుంటారు. కొందరు దానిని బాహా అంటారు, బాహా అంటే పువ్వు. గ్రామ పూజారి సాలపుష్పాలను అర్పించిన తరువాతనే కొత్త పూలు తురుముకొనడం, కొత్త ఫలాలు తినడం మొదలవుతుంది. అంతటి మాటకు పలక మీద చోటు దొరకలేదు.

మరొక చెట్టుకు వేరొక విధమైన యోగం పట్టింది. తెలుగుదేశపు పొడి అడవులలో సోమిద అనే చెట్టు ఉన్నది. దాని చేదు బెరడును జ్వరానికి వాడేవారు. దక్షిణ అమెరికా నుంచి వచ్చే సింకోనా పట్టకు ఇది ప్రత్యామ్నాయం కావచ్చునని రాక్స్‌బర్గ్ ఆశపడి, పరీక్షలకు పంపించాడు. మహాగని చెట్టుకు బంధువుగా ఎంచి దానిని ఆ ఇంటిలో చేర్చాడు. ఆ ఇంటిపేరు వియన్నాకు చెందిన వాన్ స్వీటెన్ అనే వైద్యునిది. 1830లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జ్యుస్యూ, ఇది మహాగనికి దగ్గర చుట్టమే కాని ఒకే ఇంటిది కాదని తేల్చి, కొత్త ఇంటిపేరు కావలసి వచ్చినప్పుడు, రాక్స్‌బర్గ్ బొమ్మ పక్కన రాసుకున్న తెలుగు మాటనే తీసుకున్నాడు. అందువల్ల ఆ చెట్టు నేటికీ ప్రపంచమంతటా సోయ్మిడా ఫెబ్రిఫ్యూగా. రెండవ మాటకు జ్వరాన్ని పారద్రోలునది అని అర్థం. సామర్లకోట వైపు ఎవరో పేరు లేని మనిషి ఒక వైద్యునికి చెప్పిన మాట అది.

ఇప్ప కథ కూడా ఇట్టిదే. కోనిగ్ కాలంలో ఆ చెట్ల ప్రజాతికి బాసి అనే ఇటలీ శాస్త్రజ్ఞుని పేరున బాసియా అని పెట్టారు. ఆ పేరు అంతకుముందే మరొక మొక్కకు పెట్టి ఉండడం చేత ఇది చెల్లకపోయింది. మన మధూకమే మధూకాగా నిలిచింది. నామకరణంలో ముందు వచ్చినవాడిదే హక్కు. ఆ నియమం ఒక్కొక్కసారి మనకు మేలు చేస్తుంది, చాలాసార్లు చేయదు. 2024 జూలైలో మాడ్రిడ్‌లో సమావేశమైన అంతర్జాతీయ వృక్షశాస్త్ర మహాసభ, ఆఫ్రికా ప్రజలను అవమానించే ఒక మాటను రెండు వందలకు పైగా శాస్త్రనామాల నుంచి సవరించడానికి తీర్మానించింది. అవమానం లేని పేర్లు, అవి ఎంత అసంగతమైనవైనా, ఉన్నవి ఉన్నట్లే ఉంటాయి. షోర్ దొరగారికి వచ్చిన భయమేమీ లేదు.

జంషెడ్‌పూర్ తెలుగువారికి ఈ విషయం కొంత దగ్గరగా తగులుతుంది. ఉక్కు కర్మాగారంలోనూ రైల్వేలోనూ పనికై తీరాంధ్రం నుంచి, ముఖ్యంగా ఉత్తర జిల్లాల నుంచి, అక్కడికి చేరిన కుటుంబాలు తరతరాలుగా స్థిరపడి ఉన్నాయి. బిష్టుపూర్‌లో ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం, కదమాలో ఆంధ్ర సంఘం వారి ఉనికికి సాక్ష్యాలు. భాషను నిలుపుకోవడానికి పండుగలున్నాయి, భజనలున్నాయి, నాటకాలున్నాయి. చెట్ల పేర్లను నిలిపే సభ మాత్రం ఎక్కడా జరగదు. తాతకు ఇప్ప అయినది మనుమనికి మహువా. తాతకు తునికి అయినది మనుమనికి కేందు. ఆ తరువాతి తరానికి రెండు పేర్లూ లేని ఉత్త చెట్టు. ఇది తెలుగువారి ఒక్కరి దుస్థితి అనుకోనక్కరలేదు. నగరంలో పుట్టిన సంతాల్ బిడ్డకు మత్కోమ్ అంటే ఇప్ప అని తెలియకపోవడం అంతకంటె విచారకరం. ఆ మాట పుట్టినది ఆ నేల మీదనే కదా.

చిత్రమేమంటే, ఛోటా నాగపూర్ అడవికీ ఉత్తరాంధ్ర మన్యానికీ చెట్లు చాలావరకు ఒక్కటే. మోదుగ, బూరుగ, ఇప్ప, తునికి, మద్ది - శ్రీకాకుళం నుంచి వచ్చినవానికి దల్మా కొండలలో పరాయి చెట్టు తక్కువ. సాలవృక్షం కూడా దక్షిణంగా మన ఉత్తరాంధ్ర సరిహద్దు అడవుల దాకా వస్తుంది. గుగ్గిలపు చెట్టని మనవారు దానిని పిలుస్తారు. మనకు మోదుగాకు విస్తరి ఎట్లాగో జార్ఖండ్‌లో సాలపు ఆకు విస్తరి అట్లాగు. భోజనానికి కూర్చున్నవాడు కింద ఉన్న ఆకు ఏమిటో అడిగితే చాలు, సగం వృక్షశాస్త్రం అక్కడే తేలిపోతుంది.

అందుకు భిన్నంగా, ఉద్యానాలలో మన కంటికి మొదట ఇంపుగా తోచేవి తరచుగా దూరదేశపువి. వేసవిలో ఎర్రని గొడుగువలె విరిసే తురాయి మడగాస్కర్ దీవి నుంచి వచ్చింది. సాయంకాలం ఆకులు ముడుచుకునే నిద్రగన్నేరు దక్షిణ అమెరికాది. వీటిని పరాయివని తక్కువగా చూడడం అవివేకం. శివాలయాలలో భక్తితో పూజించే నాగమల్లి చెట్టు కూడా గయానా ప్రాంతం నుంచి వచ్చినదే. మన జనం ఆ పువ్వులో పడగనూ లింగాన్నీ చూచి, మంచి పేరు పెట్టి, దేవుని ముంగిట నిలిపారు. పేరు పెట్టగలిగిన జాతికి ఏ చెట్టూ పరాయిది కాదు. పేరు మరిచిన ఊరిలో స్వంత చెట్టు కూడా అతిథివలె నిలబడి ఉంటుంది.

ఇక ఉద్యానాన్ని ఎట్లా చూడాలనే ప్రశ్న. శిబ్‌పూర్ అయినా, బెంగుళూరు లాల్‌బాగ్ అయినా, ఊటీ అయినా, హైదరాబాదు కొత్తగూడ ఉద్యానమైనా, ఒక్క రోజులో అంతా చూచి రావాలనుకొన్నవాడు ఏమీ చూడడు. కాళ్ళు నొప్పి పుట్టడం ఒక్కటే లాభం. ఒక్కసారికి నాలుగైదు చెట్లు చాలు. పలక చదవకముందు చెట్టును చూడాలి. బెరడు పగిలి ఉన్నదా, నునుపుగా ఉన్నదా, ఆకులు ఎదురెదురుగా పుట్టాయా, ఒకటి విడిచి ఒకటా, నేల మీద రాలినది పువ్వా, కాయా, గింజా - ఇవి గమనించిన తరువాత పలక దగ్గరకు పోవాలి. ముందే చదివితే కన్ను పని మానుకుంటుంది. శాస్త్రనామంతోపాటు తన భాషలోని పేరును ఒక చిన్న పుస్తకంలో రాసుకోవాలి. తెలియకపోతే తోటమాలిని అడగాలి. అతడు చెప్పే పేరు పలక మీద ఉండకపోవచ్చు. అందువల్లనే దానికి విలువ ఎక్కువ. పిల్లలు వెంట ఉంటే వారికి ఒక చెట్టును ఒప్పగించి, ప్రతి పర్యాయమూ దానినే చూపించడం మేలు. ఆకు తెంపడం, బెరడుపై పేర్లు చెక్కడం మానవలసిన పనులని వేరే చెప్పాలా? చెట్టు మీద ఉండదగిన పేరు ఒక్కటే, అది చెట్టుది.

జూబిలీ పార్కు వృక్షశాస్త్రోద్యానం కాదు గనుక అక్కడ ఈ పద్ధతి పనికిరాదని అనుకోరాదు. పలక లేని చోట చూపు ఇంకా పదునెక్కుతుంది. అందుకు సాయంకాలం తగదు, ఉదయం రావాలి. జంషెట్‌జీ జయంతి అయిన మార్చి 3వ తేదీ నాటికి పార్కు అంతటా విద్యుద్దీపాలు వెలిగిస్తారు. వాటిని చూడడానికి జనం తండోపతండాలుగా వస్తారు. సరిగా ఆ రోజులలోనే ఊరి బయట మోదుగలు పూచి ఉంటాయి. చూడడానికి వచ్చేవారు తక్కువ, టిక్కెట్టు కూడా లేదు.

సాలవృక్షాన్ని చూడదలచినవారు మాత్రం పార్కు దాటి పోవాలి. నగరానికి పదమూడు కిలోమీటర్ల దూరంలో, దల్మా కొండల పాదాల దగ్గర డిమ్నా సరస్సు ఉన్నది. దాని వెనుక కొండలలో 1976లో అభయారణ్యంగా ప్రకటించిన అడవి ఉన్నది. ఏనుగులకు అది ప్రసిద్ధి. ఆ అడవిలో మార్చి, ఏప్రిల్ నెలలలో సాలవృక్షాలు కొత్త చిగురుతోపాటే లేత పసుపు వన్నె పూలతో నిండిపోతాయి. ఉద్యానాలలో ఈ చెట్టు విరివిగా కనబడకపోవడానికి ఒక కారణమున్నది. చాలా చెట్ల గింజలను ఎండబెట్టి, పొట్లం కట్టి, సీమకు పంపవచ్చు. సాలపు గింజ అందుకు ఒప్పుకోదు. ఎండితే చచ్చిపోతుంది. జూన్‌లో తొలకరి జల్లులు పడే వేళకు కాయలు పండుతాయి. ఒక్కొక్క కాయకు అయిదు రెక్కలుంటాయి. గాలికి అవి బొంగరాలవలె తిరుగుతూ దిగి, తడి నేల తగిలిన కొద్ది రోజులకే మొలకెత్తుతాయి. పెరటిలో నాటుకొనగోరి ఏరుకొన్నవారు వాటిని ఇంటికి తెచ్చి అటక మీద పెట్టరాదు. వారం దాటితే మొలవవు.